గోదాములో ప్యాకింగ్ పట్టీ తట్టుకుని పడ్డాక: నా అనుభవం

గోదాములో ప్రమాదం అంటే అందరికీ ముందు ఫోర్క్‌లిఫ్ట్ గుర్తుకొస్తుంది. ఆ తర్వాత ర్యాకు మీది నుంచి పెట్టె జారి పడటం, నిప్పంటుకోవడం. పనిలో చేరిన రోజు మాకిచ్చిన శిక్షణ కూడా వీటి గురించే. మంటలార్పే సిలిండర్ పిన్ను ఎలా లాగాలో చూపించారు, ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తుంటే ఎంత దూరంలో నిలబడాలో చెప్పారు. నేల గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. నా చెయ్యి విరిగింది ఆ నేల మీదే. నిచ్చెన మీది నుంచి పడలేదు, బండేదీ గుద్దలేదు. నడుస్తుండగా కాలికి అడ్డం తగిలి బోర్లా పడ్డాను.

ఇలాంటి దెబ్బకు మా గోదాముల్లో విలువ లేదు. ‘చూసుకుని నడవాలి కదమ్మా’ అనే మాటతో అది ముగిసిపోతుంది. నాకు తెలిసినవాళ్లలో ఎంతోమంది ఆ మాట విని తలదించుకుని, సొంత డబ్బుతో కట్టు వేయించుకుని, జీతం నష్టపోయి ఇంట్లో కూర్చున్నారు. నా విషయంలో అలా జరగలేదు. ఎందుకు జరగలేదో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఇప్పుడు వరుసగా గోదాములే. వాటిలో ఒకదానిలో నేను పికర్‌ని. జీతమిచ్చేది కాంట్రాక్టు ఏజెన్సీ, గోదాము పెద్ద కంపెనీది. చేతిలోని స్కానర్ తెర మీద ర్యాకు నంబరు, వస్తువు పేరు, ఎన్ని కావాలో కనిపిస్తాయి. అక్కడికి వెళ్లి, తీసి, స్కాన్ చేసి, క్రేటులో వేసుకుని ఇంకో చోటికి వెళ్లాలి. గంటకు ఇన్ని తీయాలని లక్ష్యం ఉంటుంది. వెనకబడితే పేరు బోర్డు మీద ఎర్ర రంగులో కనిపిస్తుంది. కళ్లు తెర మీద, చేతులు క్రేటు మీద, మనసు లక్ష్యం మీద ఉంటాయి. నిండిన క్రేటును రెండు చేతులతో పొట్టకు ఆనించి మోసేవాళ్లకు తమ పాదాలు కనిపించవు. ‘చూసుకుని నడవాలి’ అనేవాళ్లు ఒక్కసారి ఆ క్రేటు పట్టుకుని కిందికి చూడాలని నా కోరిక.

ఇక ఆ నేల మీద ఏముంటుందో చెప్పాలి. సరుకు పెద్ద అట్టపెట్టెల్లో, చెక్క పాలెట్ల (సరుకు పేర్చే చెక్క పీటల) మీద వస్తుంది. వాటి చుట్టూ గట్టి ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంటుంది. దాని మీద సాగే పల్చని పొర చుట్టి ఉంటుంది. సరుకు తీయాలంటే ముందు ఈ రెండూ వదిలించాలి. పని తొందరలో కొందరు పట్టీని కోయకుండానే పెట్టెను పక్కకు లాగేస్తారు, అప్పుడు పట్టీ గుండ్రంగానే మిగిలి నేల మీద పడుతుంది. అది చదునుగా పడుకోదు. ఒక పక్క నేలను తాకితే ఇంకో పక్క కాస్త పైకి లేచి ఉంటుంది. దాని అంచు మీద ఒక పాదం పడిందంటే అవతలి అంచు ఇంకా పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే రెండో పాదం ముందుకు వచ్చి అందులో దూరుతుంది. పట్టీ తెగదు, పెద్ద బరువులను పట్టి ఉంచడానికే దాన్ని తయారు చేశారు. జరగదు కూడా, మన ఒంటి బరువంతా మొదటి పాదం ద్వారా దాని మీదే ఉంది. మనల్ని మనమే కట్టేసుకున్నట్టు అవుతుంది. ఈ సంగతి నాకు పడిన తర్వాతే అర్థమైంది. ఇప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఒక పట్టీ ముక్క నేల మీద పెట్టి, రెండు అడుగులు వేసి చూపిస్తాను.

పట్టీ ఒక్కటే కాదు. ఖాళీ పాలెట్‌ను ర్యాకు పక్కన వదిలేస్తే దాని మూల దారిలోకి పొడుచుకు వస్తుంది. నేల కాంక్రీటు అతుకుల దగ్గర అంచులు విరిగి, హ్యాండ్ పాలెట్ (పాలెట్లను చేత్తో లాగే బండి) చక్రాలు తిరిగి తిరిగి అక్కడ గుంట పడుతుంది. వానాకాలంలో లారీలు ఆగే డాక్ దగ్గర నేల తడిగా ఉంటుంది. ఇక బూట్లు. కంపెనీ ఇచ్చే సేఫ్టీ బూట్లు మగవాళ్ల సైజుల్లోనే వస్తాయి. నా పాదానికి సరిపోయేది దొరకక ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని వేసుకునేదాన్ని. బూటు ముందు భాగం పాదం కన్నా పొడవుగా ఉంటే అడుగు ఎక్కడ పడుతోందో కాలికే సరిగ్గా తెలియదు.

అది 2023 వానాకాలం. మధ్యాహ్నం షిఫ్టు సగం దాటింది. ట్రాలీలు సరిపోక చేతులతోనే క్రేటు మోసుకుపోతున్నాను. కుడి పాదం ఆగిపోయింది, ఒళ్లు ముందుకు వెళ్లిపోయింది. క్రేటు ఎగిరి పడటం తెలుసు, కుడి అరచెయ్యి నేలకు ఆనడం తెలుసు. తర్వాత తెలిసింది నొప్పి కాదు, మణికట్టు ఆకారం. ఫోర్కు మెడలా అక్కడ వంపు తిరిగింది. ముందుకు పడేటప్పుడు ముఖం కాపాడుకోవడానికి చెయ్యి దానంతట అదే చాచుకుంటుంది, బరువంతా మణికట్టు మీద పడుతుంది. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే పెద్ద ఎముక కింది కొన దగ్గర విరుగుతుంది. ఇది చాలా మామూలుగా చూసే ఫ్రాక్చరే అని తర్వాత ఎముకల డాక్టరు చెప్పారు.

ముందుగా పరిగెత్తుకొచ్చింది మా లైనులో అందరం పెద్దక్క అని పిలిచే ఆమె. వచ్చీ రాగానే ఆమె చేసిన పని నా గాజులు తీయడం. నేను ఏడుస్తున్నాను, ఆమె వినలేదు. ‘వాపు వచ్చిందంటే కోసి తీయాలి తల్లీ, ఇప్పుడైతే ఒక్కొక్కటే వస్తాయి’ అంటూ చేతులు కడుక్కునే సబ్బునీళ్లు తెప్పించి, విరిగిన చోటు కదలకుండా ముంజేతిని ఒకరి చేత పట్టించి, గాజులూ ఉంగరమూ నెమ్మదిగా తీసేసింది. తర్వాత అట్టపెట్టె ముక్కను మడిచి చేతి కింద పెట్టి, తన చున్నీతో మెడకు వేలాడగట్టింది. ఆసుపత్రిలో డాక్టరు దాన్ని చూసి, ఇది ఎవరు కట్టారో కానీ సరిగ్గా కట్టారని అన్నారు. ఖాళీ చెయ్యి చూసి ఇంట్లో అత్తయ్య మనసు నొచ్చుకుంది. వేళ్లు ఉబ్బిపోయి ఉండటం చూశాక ఆమే, తీయడమే మంచిదయింది అంది.

సూపర్‌వైజర్ వచ్చారు. నొప్పి తగ్గించే స్ప్రే తెప్పించారు. ఆటో పిలిపించారు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆయన నోట వచ్చిన మొదటి మాట, ‘బెణికి ఉంటుందమ్మా, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో, రేపు చూద్దాం.’ ఏజెన్సీ తరఫు మనిషి ఫోనులో ఇంకో మాట చెప్పాడు. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లమన్నాడు, ఎలా పడ్డావని అడిగితే ఇంటి మెట్ల మీద పడ్డానని చెప్పమన్నాడు. ఖర్చులో కొంత తాము చూసుకుంటామన్నాడు. పోలీసుల గొడవ, కాగితాల గొడవ ఉండదని చెప్పాడు. చెయ్యి వంకరపోయి నొప్పితో వణుకుతున్న మనిషికి ఆ సమయంలో అది సాయం లాగానే వినిపిస్తుంది.

పెద్దక్క ఫోను లాక్కున్నంత పని చేసింది. దానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట వేరే గోదాములో ఆమె ఖాళీ పాలెట్ తట్టుకుని పడి మోకాలు దెబ్బతీసుకుంది. ఆ రోజు ఎక్కడా రాయించలేదు. వారం తర్వాత మోకాలు మడవలేని స్థితిలో ఈఎస్‌ఐకి (మన జీతంలోంచీ యజమాని నుంచీ చందా తీసుకుని వైద్యం, భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా అది) వెళ్తే, పనిలో తగిలిన దెబ్బ అనడానికి యజమాని నుంచి కాగితం ఏదని అడిగారు. కాగితం లేదు. చూసినవాళ్లు అప్పటికే పని మానేసి ఊళ్లకు వెళ్లిపోయారు. దాంతో అది మామూలు అనారోగ్యం కిందికి వెళ్లింది. ఆమె చేరి ఎక్కువ కాలం కాలేదు కనుక, అనారోగ్య భృతికి కావలసినన్ని చందా రోజులు కూడా లేవు. జీతమూ రాలేదు, భృతీ రాలేదు. ‘ఆ రోజు రాయించి ఉంటే’ అని ఆమె ఇప్పటికీ అంటుంది.

అందుకే ఆటో ఎక్కకముందే ఆమె ప్రమాదాల పుస్తకం తెప్పించమంది. ఈఎస్‌ఐ నిబంధనల ప్రకారం ప్రతి యజమానీ ఉంచాల్సిన పుస్తకం అది, ఫారం 11 అంటారు. దెబ్బ తగిలిన మనిషి వివరాలు, తేదీ, సమయం, చోటు, ఎలా జరిగింది, ఎవరు చూశారు అన్నవి అందులో రాయాలి. పుస్తకం ఆఫీసులో తాళం వేసి ఉందన్నారు. తాళం తెచ్చేదాకా ఆగుతామంది. తెచ్చారు. సూపర్‌వైజర్ రాసిన మొదటి వాక్యం, ‘నడుస్తూ అజాగ్రత్తగా ఉండి పడిపోయింది.’ నేను ఎడమ చేత్తో ఆ వాక్యాన్ని చూపించి, ‘సార్, నేను దేనికి తట్టుకున్నానో రాయండి’ అన్నాను. ఆయన ఒక నిమిషం నా వంక చూశారు. తర్వాత దాన్ని కొట్టేసి, దారిలో పడి ఉన్న ప్యాకింగ్ పట్టీలో కాలు చిక్కుకుని పడిందని రాశారు, ర్యాకు వరుస నంబరుతో సహా. పెద్దక్కతో పాటు ఇంకొక అబ్బాయి సాక్షిగా సంతకం చేశాడు. ఫొటో తీసుకుని వచ్చేశాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన కాగితం అదే.

నేరుగా ఈఎస్‌ఐ ఆసుపత్రికే వెళ్లాం. ఎక్స్‌రే తీశారు. విరిగిన చోటనే మత్తు సూది ఇచ్చి, ఒకరు మోచేయి పట్టుకుని, ఇంకొకరు వేళ్లు లాగి ఎముకను సరిచేశారు. వెంటనే పూర్తి పిండికట్టు వేయరు, వాపుకు చోటు ఉండాలి. కనుక సగం కట్టు, అంటే స్లాబు వేసి పంపారు. వారం తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి, ఎముక జరగలేదని చూసి పూర్తి కట్టు వేశారు. జరిగి ఉంటే తీగలు పెట్టాల్సి వచ్చేదట. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచుకోమన్నారు, వేళ్లు రోజంతా ముడుస్తూ తెరుస్తూ ఉండమన్నారు, భుజం కదల్చడం మానవద్దన్నారు. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరి పట్టి స్పర్శ తగ్గినా, కట్టు బిగుతుగా అనిపించినా అర్ధరాత్రైనా సరే రమ్మన్నారు.

ఇరుగు పొరుగు వాళ్లు పుత్తూరు కట్టు వేయించుకోమన్నారు. మా ఆయన ఒక రోజు బయలుదేరదామని కూడా అన్నాడు. ఆ కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లతో నేను వాదించలేదు. నాకు ప్రతి వారం డాక్టరు సర్టిఫికెట్ కావాలి, ప్రతి ఎక్స్‌రే ఒకే చోట ఉండాలి, మధ్యలో కట్టు మారితే అన్నీ మొదటికి వస్తాయి. అదే చెప్పాను, ఆగిపోయాం.

ఇక కాగితాల సంగతి. పనిలో దెబ్బ తగిలితే యజమాని ఫారం 12లో ప్రమాద నివేదిక పంపాలి. మామూలుగా గడువులోపు పంపాలి, ప్రాణాపాయమైతే వెంటనే పంపాలి. దెబ్బ తగిలినప్పుడు ఆ మనిషి సరిగ్గా ఏ పని చేస్తున్నాడు, ప్రమాదం ఎలా జరిగింది, చూసినవాళ్లెవరు, ఆ రోజు జీతం ఇస్తున్నారా లేదా వంటి ప్రశ్నలు అందులో ఉంటాయి. ఏజెన్సీ వాళ్లు రేపు రేపు అంటూ వచ్చారు. ఒకసారి ఆన్‌లైన్ పని చేయడం లేదన్నారు, ఇంకోసారి గోదాము కంపెనీ అనుమతి రావాలన్నారు. చివరికి పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి చేత ఒక ఉత్తరం రాయించాను. ఫలానా రోజు, ఫలానా చోట, ఇలా పడ్డాను, పుస్తకంలో నమోదైంది, నివేదిక పంపండి అని. ఒక ప్రతి ఏజెన్సీకి, ఒకటి గోదాము కంపెనీకి, ఒకటి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు పంపాను. దెబ్బ తగిలిన మనిషి నోటితో గానీ రాతపూర్వకంగా గానీ సమాచారం ఇవ్వవచ్చని నిబంధనల్లోనే ఉంది. రాతపూర్వకమే మేలు. గోదాము కంపెనీకి ఉత్తరం చేరాక ఏజెన్సీలో కదలిక వచ్చింది. కాంట్రాక్టు మనిషే అయినా ఈఎస్‌ఐ చందా కట్టే అంతిమ బాధ్యత అసలు యజమానిది, అంటే గోదాము కంపెనీది కూడా కావడమే దానికి కారణమని తర్వాత తెలుసుకున్నాను.

భృతి దరఖాస్తు ఫారం 9 మీద సంతకం చేయాలి. కుడి చెయ్యి కట్టులో ఉంది. ఎడమ చేత్తో పెట్టిన సంతకం బ్యాంకులో ఉన్న సంతకానికి కలవదు. ఎడమ బొటనవేలి ముద్ర వేయమన్నారు. బీకాం చదివిన నేను వేలిముద్ర వేశాను. మా అమ్మ జీవితమంతా వేలిముద్రే వేసింది. ఆమె కష్టపడి నన్ను చదివించింది ఆ ముద్ర నాకు రాకూడదనే. సిరా తుడుచుకుంటుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

బ్రాంచి ఆఫీసులో ఒక గుమాస్తా చాలా ఓపికగా మాట్లాడాడు. నాకు అర్థమైనవన్నీ ఆయన చెబితే అర్థమైనవే, ఇంటికొచ్చి చట్టం తెలుగులో సారాంశం చదివి సరిచూసుకున్నాను. అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) కింద పనిలో తగిలిన దెబ్బకు ఇచ్చే తాత్కాలిక వైకల్య భృతి వేరు, మామూలు జబ్బుకు ఇచ్చే భృతి వేరు. జబ్బు భృతి సగటు రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా, అదీ ముందటి చందా కాలంలో 78 రోజుల చందా ఉంటేనే. పనిలో తగిలిన దెబ్బకు 90 శాతం, మళ్లీ పనికి పనికొచ్చేదాకా. దానికి ముందు ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు పడినా వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన రోజును వదిలేసి కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉండాలి. అప్పట్లో నెల జీతం 21,000 రూపాయల దాకా ఉన్నవాళ్లకు ఈ పథకం. 2019 జులై నుంచి జీతంలో మన వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతం ఆ పరిమితి దాటి, ఈఎస్‌ఐ లేనివాళ్లకు అప్పుడు 1923 నాటి పరిహార చట్టం ఉండేది, దాని దారి వేరు.

అజాగ్రత్త అన్న మాట గురించి ఆయన్ని ప్రత్యేకంగా అడిగాను, నన్ను అంతగా తొలిచిన మాట అది. ఆయన నవ్వి, ‘అమ్మా, ఇక్కడ తప్పెవరిదని అడగరు. పని చేస్తుండగా జరిగిందా లేదా అన్నదే ప్రశ్న’ అన్నాడు. పనివేళలో జరిగిన ప్రమాదం, దానికి విరుద్ధమైన సాక్ష్యం లేనంతవరకు, పని వల్ల జరిగినట్టే భావించాలని ఆ చట్టంలో 51ఎ సెక్షన్ చెప్పేది. యజమాని పని కోసమే చేస్తూ ఏదైనా ఆదేశం మీరినా సరే హక్కు పోదని 51బి చెప్పేది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా 2010 సవరణతో చేర్చారు, పనికీ ఆ ప్రయాణానికీ సంబంధం రుజువు కావాల్సి ఉండేది. ఇన్నాళ్లూ ‘చూసుకోలేదు’ అన్న ఒక్క మాటకు తలవంచి ఇంటికెళ్లిన ఆడవాళ్లందరూ నాకు గుర్తొచ్చారు.

ఏజెన్సీ నుంచి ఇంకో ఫోను వచ్చింది, నా చోట కొత్త మనిషిని తీసుకున్నామని, తగ్గాక చూద్దామని. ఆ గుమాస్తా దగ్గరే 73వ సెక్షన్ రాయించుకున్నాను. భృతి పొందుతున్న కాలంలో మనిషిని తొలగించడం, శిక్షించడం కుదరదని అందులో ఉండేది. సెక్షన్ నంబరు రాసి మర్యాదగా సందేశం పంపాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

డబ్బు వెంటనే రాలేదు. వారం వారం డిస్పెన్సరీకి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అది బ్రాంచికి చేరాలి, ఫారం 12 చేరి పనిలో తగిలిన దెబ్బేనని అంగీకరించాలి. మధ్యలో ఇంటద్దె కోసం మహిళా సంఘంలో అప్పు తీసుకున్నాను. మొదటి విడత ఖాతాలో పడిన రోజున ముందు ఆ అప్పులో సగం తీర్చాను. తర్వాతవి ఆలస్యం లేకుండా వచ్చాయి.

ఇంట్లో ఒంటి చేత్తో బతకడం గురించి ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. జడ వేసుకోలేను, చీర కుచ్చిళ్లు పెట్టుకోలేను, తడి బట్ట పిండలేను, గిన్నె మూత తీయలేను. అత్తయ్య నాకు తల దువ్వింది. మా ఆయన వంట నేర్చుకున్నాడు. దాదాపు నెలన్నరకు కట్టు విప్పారు. లోపల చెయ్యి సన్నబడి, చర్మం పొట్టు రాలుతూ, నాది కానట్టుగా ఉంది. కట్టు విప్పితే పని అయిపోయిందనుకునేవాళ్లకు చెబుతున్నాను, అసలు శ్రమ అప్పుడే మొదలవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి మణికట్టు పైకీ కిందికీ వంచాలి, అరచెయ్యి బల్ల మీద ఆనించి మెల్లగా ఒత్తాలి, స్పాంజి పిసకాలి. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఏ కోణం దాకా వంగిందో కొలిచి రాసేది.

అన్నిటికన్నా ఆలస్యంగా తిరిగొచ్చింది అరచెయ్యి ఆకాశం వైపు తిప్పడం. వినడానికి చిన్న విషయం. గుడిలో పూజారి తీర్థం పోయబోతే నా అరచెయ్యి పూర్తిగా తిరగలేదు, నీళ్లు పక్కకు కారిపోయాయి. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోవడానికి కూడా అదే తిప్పు కావాలి. బస్సులో చిల్లర తీసుకోవడానికీ అదే. దాని కోసం సుత్తి పిడిలాంటి కర్రను పట్టుకుని అటూ ఇటూ తిప్పే వ్యాయామం నేర్పారు. మానకుండా చేశాను.

ఈలోగా గోదాములో జరిగింది నాకు ఊహకు అందనిది. ఫారం 12 వెళ్లడం వల్ల, ఉత్తరం ప్రతి పై ఆఫీసుకు చేరడం వల్ల, కంపెనీ నుంచి భద్రతాధికారి విచారణకు వచ్చారు. పుస్తకంలో ‘అజాగ్రత్త’ అని మాత్రమే ఉండి ఉంటే ఆయన ఏమీ చూడకుండా నాకో హెచ్చరిక రాసి వెళ్లేవారని నా గట్టి నమ్మకం. పట్టీ అని, ఫలానా వరుస అని రాసి ఉంది కనుక అక్కడికి వెళ్లి నిలబడ్డారు. నన్ను కూడా పిలిపించారు. పట్టీ దారిలో ఎందుకుందని అడిగారు. పట్టీలు వేసే డబ్బా ఎక్కడుందో చూపించాను. అది డాక్ దగ్గర, చివర. కోసిన ప్రతి పట్టీని పట్టుకుని అక్కడిదాకా వెళ్లి వస్తే ఆ సమయమంతా లక్ష్యంలోంచి పోతుంది. అందుకే అందరూ ర్యాకు కిందికి నెట్టేస్తారు, హ్యాండ్ పాలెట్ చక్రం దాన్ని మళ్లీ దారిలోకి లాక్కొస్తుంది. ఇది పికర్లందరికీ తెలిసిన విషయం. మమ్మల్ని అడిగినవాళ్లే లేరు.

అప్పుడు కొన్ని మార్పులు వచ్చాయి. ప్రతి ర్యాకు వరుస చివర పట్టీల కోసం ఒక డబ్బా, తాడుకు కట్టిన పట్టీ కత్తి పెట్టారు. పట్టీ కోయకుండా పెట్టె లాగడం నిషేధించారు. ఖాళీ పాలెట్లకు గీత గీసి చోటు కేటాయించారు. షిఫ్టు మధ్యలో దారులు ఊడ్చే సమయాన్ని లక్ష్యం లెక్కలోంచి మినహాయించారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే. ఊడ్చినందుకు పేరు ఎర్రబడదని తెలిస్తే అందరూ ఊడుస్తారు. జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసే మా తమ్ముడు, అప్పటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లో నేలలు, దారులు అడ్డంకులు లేకుండా, జారకుండా ఉంచాలని 1987 సవరణ నుంచే ఉందని చెప్పాడు. గోదాము ఫ్యాక్టరీ కిందికి వస్తుందా రాదా అన్నది అక్కడ జరిగే పనిని బట్టి ఉంటుంది. ఆ వాదన వకీళ్లు చేసుకోవచ్చు, నేల మాత్రం రెండు చోట్లా ఒకటే.

పనికి సరిపోతానని చివరి సర్టిఫికెట్ ఇచ్చాక తిరిగి చేరాను. మొదట్లో బరువెత్తే పని కాకుండా లేబుళ్లు అంటించే బల్ల దగ్గర పెట్టారు, నేనడిగితేనే పెట్టారు. ఇప్పుడు మళ్లీ పికింగ్ చేస్తున్నాను, ట్రాలీ లేకుండా క్రేటు ఎత్తను. చలికాలం పొద్దున్నే మణికట్టు బిగుసుకుంటుంది, నిండు బిందె కుడి చేత్తో ఎత్తలేను. శాశ్వతంగా తగ్గిన శక్తి ఎంత, దాని వల్ల సంపాదన సామర్థ్యం ఎంత శాతం తగ్గిందో తేల్చడానికి ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు ఉంటుంది. అది తేల్చిన శాతాన్ని బట్టి శాశ్వత వైకల్య భృతి ఇస్తారు. పెద్దక్కే మళ్లీ వెంటపడితే దానికీ దరఖాస్తు పెట్టాను. ఎక్స్‌రేలు, ఫిజియోథెరపీ కొలతలు, పుస్తకంలోని ఆ పేజీ ఫొటో అన్నీ ఒకే కవరులో పెట్టి ఇచ్చాను.

బూట్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆడవాళ్ల సైజులు తెప్పించమని మా షిఫ్టులో అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఈసారి నా సంతకం నేనే, కుడి చేత్తో పెట్టాను. జవాబు రాకపోతే వచ్చే భద్రతా సమావేశంలో పాదాల కొలతల జాబితా తీసుకెళ్లి మళ్లీ అడుగుతాం.